ఓర్పునకు గడువున్నదా?
జాకీ రాబిన్సన్ జీవితమునుండి యౌవనుల కూటములకు ఒక పాఠము

చదువవలసిన వాక్యభాగములు: ప్రసంగి 3:1-8, మత్తయి 5:38-42, యోహాను 18:19-23, అపొ. కార్యములు 16:35-40.



గ్రామ సంఘములలో పనిచేయు మమ్మును యౌవనులు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యగారూ, ఒక చెంప కొట్టినవానికి రెండవది చూపుమనుచున్నారు. ఎంతకాలము చూపుచుండవలెను?" ఇట్లడుగువారు అల్లరి పిల్లలు కారు. చదువుకొరకో, కూలికొరకో పట్టణమునకు పోయి, అక్కడ ఎవరో అన్న మాటను గుండెలో పెట్టుకొని ఇంటికి వచ్చినవారు. "ఓర్చుకొనుము నాయనా" అని ఒక్క మాట చెప్పి పంపివేయుట మనకు సులభమే. చెప్పువానికి అందులో ఖర్చేమియు లేదు, ఖర్చంతయు వినువానిదే.

కావున ఓర్పు వెల యెంతయో స్వయముగా ఎరిగిన యొక మనుష్యుని జీవితమును ఈ నెల పాఠముగా తీసికొనుచున్నాము. ఆయన బోధకుడు కాడు, మిషనరీ కాడు. అమెరికా దేశమున బేస్‌బాల్ ఆడి జీవనము చేసి, 1957లో ఆట చాలించుకొనిన జాకీ రాబిన్సన్ అను నల్లజాతివాడు.

1. ఆ ఆటయు, ఆ గోడయు

బేస్‌బాల్ మన పిల్లలాడు బిళ్ళంగోడునకును, క్రికెట్టునకును దూరపు చుట్టము. ఒకడు బంతి విసరును. మరియొకడు గుండ్రని కర్రతో దానిని కొట్టి, చదరముగా అమర్చిన నాలుగు మజిలీలను చుట్టివచ్చును. బయలుదేరిన చోటికి క్షేమముగా చేరినయెడల ఒక పరుగు. పది పర్యాయములలో మూడు పర్యాయములు చక్కగా కొట్టగలవాడు ఈ ఆటలో గొప్పవాడే. బంతి విసరువాని కన్నుగప్పి ఒక మజిలీనుండి మరియొకదానికి పరుగెత్తుటను వారు మజిలీ దొంగిలించుట యందురు. ఎనిమిదవ ఆజ్ఞ ఈ దొంగతనమునకు వర్తింపదు! రాబిన్సన్ ఈ విద్యలో ఆరితేరినవాడు.

ఆ దేశమున ఈ ఆటకు పెద్ద లీగులు రెండు కలవు. 1884 తరువాత అరువది యేండ్లకు పైగా, నల్లజాతివాడని తెలిసి యెవనిని అందులో చేర్చుకొనలేదు. ఇది పుస్తకములో వ్రాసిన చట్టము కాదు. జట్ల యజమానులు తమలో తాము పెట్టుకొనిన కట్టడి. వ్రాసిన చట్టముకంటె వ్రాయని కట్టుబాటు ఎక్కువకాలము నిలుచునని, వేరు బావియు వేరు గ్లాసును ఎరిగిన మన గ్రామస్థులకు ఎవరును నేర్పనక్కరలేదు. నల్లవారు తమకొరకు వేరు లీగులు కట్టుకొని, తక్కువ కూలికి, దూరపు ప్రయాణములు చేయుచు ఆడుకొనుచుండిరి.

2. ఒక తల్లి, ఒక యువ కాపరి

రాబిన్సన్ 1919 జనవరి 31న దక్షిణమున జార్జియా రాష్ట్రములోని కైరో అను ఊరి దగ్గర పుట్టెను. ఇతరుల పొలమును పాలికి చేసికొను కుటుంబము. ఐదుగురు పిల్లలలో ఈయన కడగొట్టువాడు. తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోయెను. తల్లి మాలీ 1920లో పిల్లలను వెంటబెట్టుకొని రైలెక్కి, దేశము ఆ కొననున్న కాలిఫోర్నియాకు, పాసడీనా పట్టణమునకు పోయెను. అక్కడ ఇతరుల ఇండ్లలో బట్టలుతికి, ఇస్త్రీచేసి పిల్లలను పెంచెను. తెల్లవారున్న వీధిలో ఆమె ఇల్లు సంపాదించినప్పుడు, పొరుగువారు ఆమెను వెళ్లగొట్ట జూచిరి. ఆమె కదలలేదు, వారిని దూషింపనులేదు.

పెద్దవాడైన కుమారులలో మాక్ అనువాడు 1936లో బెర్లిన్ ఒలింపిక్ పరుగులో రెండవవాడుగా వచ్చి వెండి పతకము తెచ్చెను. ఊరికి తిరిగివచ్చిన తరువాత అతనికి దొరికిన పని వీధులు ఊడ్చుట. ఇది చూచిన తమ్మునికి కోపము రాదా? జాకీ వీధి కుర్రవాండ్ర గుంపులో తిరుగుచు, రాళ్లు రువ్వుచు, చిన్న చిన్న దొంగతనములు చేయుచు చెడుమార్గమున పడుచుండెను.

అప్పుడు ఆ పట్టణములోని మెథడిస్టు మందిరమునకు కార్ల్ డౌన్స్ అను యువ కాపరి వచ్చెను. ఆయన వీధి కుర్రవాండ్రను వెదకుకొనుచు పోయి, మందిర ఆవరణమున ఆటలు పెట్టించెను. సంఘపు పెద్దలలో కొందరికి ఇది నచ్చలేదు. అయినను ఆయన మానలేదు. ఆ కుర్రవాండ్రలో జాకీ యొకడు. కొలది కాలమునకే అతడు ఆదివారపు బడిలో ఉపాధ్యాయుడాయెను. శనివారమున ఫుట్‌బాల్ ఆడి ఒళ్లంతయు గాయములైనను, ఆదివారము ఉదయమున లేచి పిల్లలకు పాఠము చెప్పబోవుచుండెను. మనము గమనించవలసిన సంగతి యేమనగా, తరువాత లోకమంతయు చూచిన ఆ ఓర్పు ఆటస్థలమున పుట్టలేదు. తల్లి ఇంటిలోను, ఒక చిన్న మందిరపు వాకిటిలోను అది మొలచెను.

3. స్వభావమున మెత్తనివాడు కాడు

రాబిన్సన్ లాస్ ఏంజలిస్‌లోని విశ్వవిద్యాలయమున నాలుగు ఆటలలో పేరుపొందెను. 1942లో సైన్యమున చేర్చబడి, మరుసటి యేట సెకండ్ లెఫ్టినెంటు ఆయెను. 1944 జూలై 6న టెక్సస్ రాష్ట్రములోని ఒక సైనిక శిబిరమున బస్సు ఎక్కినప్పుడు, డ్రైవరు ఆయనను వెనుకకు పోయి కూర్చుండుమనెను. సైనిక బస్సులలో అట్టి భేదము పనికిరాదని ఉత్తరువు వచ్చియున్నది. రాబిన్సన్ కదలలేదు. ఆయనను సైనిక న్యాయస్థానమున నిలువబెట్టిరి. ఆగస్టు 2న విచారణ జరిగి, నిర్దోషియని విడుదల పొందెను.

దీనినిబట్టి ఈయన పుట్టుకతో పిరికివాడు కాడని తెలిసికొనవలెను. పిరికివాడు ఊరకుండుట ఓర్పు కాదు. కోపము గలవాడు, బలము గలవాడు, న్యాయము తన పక్షముననున్నదని ఎరిగినవాడు, ఒక కార్యముకొరకు ఊరకుండుట ఓర్పు.

4. మూడేండ్ల ఒడంబడిక

1945 ఆగస్టు 28న బ్రూక్లిన్ డాడ్జర్స్ అను జట్టు అధికారియైన బ్రాంచ్ రికీ ఆయనను పిలిపించెను. రికీ మెథడిస్టు కుటుంబమువాడు. తల్లికిచ్చిన మాటకొరకు ఆదివారమున ఆటస్థలమునకు పోనివాడు. తాను కాలేజీ జట్టును నడుపు దినములలో, తన జట్టులోని నల్ల విద్యార్థికి ఒక హోటలులో గది ఇయ్యకపోయిన సంగతిని ఆయన మరువలేకపోయెను. జట్టు గెలువవలెనని, టిక్కెట్టు డబ్బు రావలెనని కూడ ఆయనకు ఆశ లేకపోలేదు. దేవుడు మనుష్యుని మిశ్రమమైన ఉద్దేశములద్వారా కూడ పనిచేయునని మనకు తెలియును.

ఆ గదిలో సుమారు మూడు గంటలు మాటలు నడిచెను. రికీ లేచి, ఆటస్థలమున ఎదురుకాబోవు దూషణలన్నియు తానే నటించి చూపెను. హోటలు గుమాస్తావలె గద్దించెను, ఆటగానివలె తిట్టెను, ముఖముమీదికి పిడికిలి ఎత్తెను. ఇటలీ రచయితయైన పాపిని వ్రాసిన క్రీస్తు చరిత్ర తెరచి, చెంప త్రిప్పుటనుగూర్చిన భాగమును చదివించెను. ఎదురు కొట్టుటకు భయపడువాడు మీకు కావలెనా యని రాబిన్సన్ అడిగెను. కొట్టగలిగియు కొట్టకుండుటకు గుండె ధైర్యము గలవాడు కావలెనని రికీ భావము. మూడు సంవత్సరములవరకు ఏ దూషణకును బదులు చెప్పనని రాబిన్సన్ ఒప్పుకొనెను. ఆయన తప్పిపోయినయెడల వెనుకనున్న నల్ల ఆటగాండ్రందరికి తలుపు మరల ఎన్నియేండ్లు మూయబడునో! ఆ ఓర్పు తన కొరకు కాదు.

1946 ఫిబ్రవరిలో రేచల్ అను నర్సు విద్యార్హత గల యువతిని ఆయన వివాహమాడెను. రేచల్ అనగా మన బైబిలులోని రాహేలు పేరే. వివాహము జరిపించినవాడు ఆ కార్ల్ డౌన్స్ గారే. కొలది దినములకే దంపతులు ఆటశిక్షణకు ఫ్లోరిడాకు బయలుదేరగా, త్రోవలో వారిని విమానమునుండి దింపివేసిరి. బస్సులో వెనుకకు తోసిరి. ఒక ఊరిలో ఆయన ఆడకుండ ఆటస్థలమునకు తాళము వేసిరి. ఆ యేడు ఆయన కెనడాలోని మాంట్రియల్ జట్టున ఆడెను. ఏప్రిల్ 18న మొదటి ఆటలోనే ఐదు పర్యాయములలో నాలుగు మార్లు చక్కగా కొట్టి, తన జట్టుకు 14-1 గెలుపు తెచ్చెను.

1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ ఆటస్థలమున అడుగుపెట్టినప్పుడు ఆ పాత గోడ కూలెను. కాని కూలిన గోడ రాళ్లు ఆయనమీదనే పడెను. స్వంత జట్టులో కొందరు ఆయన వద్దని విన్నపపత్రము తయారుచేసిరి. దక్షిణాదివాడైన పీవీ రీస్ అను ఆటగాడు దానిమీద చేవ్రాలు చేయనొల్లలేదు. వారము తిరుగగానే ఫిలడెల్ఫియా జట్టు వచ్చెను. వారి మేనేజరు బెన్ చాప్మన్, అతని ఆటగాండ్రు, ఆట జరుగుచున్నంతసేపు రాబిన్సన్‌ను జాతి పేరుపెట్టి తిట్టిరి. కర్ర క్రిందపడవేసి, పోయి వారిలో ఒకని దవడ పగులగొట్టి, ఆటకే స్వస్తి చెప్పుదునా యని ఆ దినమున తనకు తోచినదని రాబిన్సన్ తరువాత వ్రాసెను. చేయలేదు. అప్పుడు తన జట్టులోని ఎడ్డీ స్టాంకీ లేచి, బదులు చెప్పరాని మనుష్యుని తిట్టుట మగతనమా యని వారిని గద్దించెను. దూషించినవారే ఆ జట్టును ఏకము చేసిరి. మరుసటి నెలలో చాప్మన్ ప్రక్కన నిలిచి ఫోటో తీయించుకొనుమని కోరగా, రాబిన్సన్ అదియు ఒప్పుకొనెను. ఒకే కర్రను ఇద్దరును పట్టుకొని నిలిచిరి.

ఆ యేటికి ఆయన క్రొత్త ఆటగాండ్రలో ఉత్తముడను బహుమానము పొందెను. ఆ యేడే జూలైలో లారీ డోబీ అను నల్లజాతివాడు రెండవ పెద్ద లీగున ఆడసాగెను. తలుపు తెరచుకొనెను.

5. గడువు తీరిన తరువాత

1948లో కార్ల్ డౌన్స్ గారు శస్త్రచికిత్స జరిగిన తరువాత, ముప్పది యైదేండ్ల ప్రాయమున మరణించెను. నల్లవారికి ప్రత్యేకించిన వార్డుకు చేర్చబడి, తగిన కావలి లేక పోయెనని రాబిన్సన్ దుఃఖముతో వ్రాసెను. తనను వీధినుండి పిలిచిన కాపరి, తాను పోరాడుచున్న గోడ క్రిందనే పోయెను.

1949 నాటికి మూడేండ్ల మాట చెల్లెను. ఇక నీవు నీవుగా నుండవచ్చునని రికీ ఆయనను విడిచిపెట్టెను. అప్పటినుండి రాబిన్సన్ అన్యాయమైన తీర్పునకు ఎదురు చెప్పెను. హోటలులో చోటియ్యకపోయిన అడిగెను. ఆ యేడు ఆయన ఆట మరింత వెలిగెను. వెయ్యికి 342 చొప్పున కొట్టి, 37 మజిలీలు దొంగిలించి, లీగు అంతటిలో ఉత్తమ ఆటగాడని పేరుపొందెను.

అయితే చిత్రము చూడుడి. మౌనముగానున్నంతకాలము మెచ్చుకొనిన పత్రికలలో కొన్ని ఇప్పుడు ఆయనను కోపిష్ఠి, కృతజ్ఞత లేనివాడు అనెను. కొందరికి కావలసినది ఓర్పు కాదు, నోరు లేకుండుట. ఈ భేదము మన సంఘములు నేర్చుకొనవలెను. యౌవనుడు తలవంచినప్పుడు "మంచి పిల్లవాడు" అని, మర్యాదగా ప్రశ్న వేసినప్పుడు "గర్వము వచ్చినది" అని మనమును అనుచున్నామేమో!

6. ఆట చాలించుకొనిన తరువాత

పది యేండ్లు ఆడి, 1955లో జట్టుతో కూడ దేశపు పెద్ద పోటీ గెలిచి, 1957 జనవరిలో ఆట చాలించుకొనుచున్నట్లు ఆయన ప్రకటించెను. అప్పటికి ముప్పది యేడేండ్లవాడు. న్యూయార్కులోని ఒక కాఫీ హోటళ్ల కంపెనీలో ఉపాధ్యక్షుడుగా ఉద్యోగమున చేరెను. ఆ కాలముననే ఆయనకు మధుమేహమున్నట్లు తేలెను. తన కుటుంబమును చూచుకొని సుఖముగా నుండవచ్చును. ఉండలేదు. నల్లవారి హక్కుల సంఘముకొరకు ఊరూర తిరిగి చందాలు పోగుచేసెను.

1958 మే నెలలో ఐసెన్‌హోవర్ ప్రెసిడెంటు ఒక సభలో నల్లవారిని ఓర్పు కలిగియుండుడని కోరెను. రాబిన్సన్ ఆ సభలో కూర్చుండి వినుచుండెను. మరునాడే కంపెనీ కాగితముమీద ఆయనకు ఉత్తరము వ్రాసెను. మనుష్యులందరిలోను మిక్కిలి ఓర్పు చూపినది మేమే, ఇంకను ఓర్చుడనుట ఎట్లు? ఇతరుల హృదయములు మారువరకు మా హక్కులకొరకు కనిపెట్టుచుండలేము. ఇదియే ఆ ఉత్తరపు సారము. ఒక్క దుర్భాష లేదు. ఆ ఉత్తరము నేటికిని ఆ దేశపు ప్రభుత్వ భాండాగారమున భద్రముగానున్నది. ఓర్పునుగూర్చి మాటలాడుటకు ఈ మనుష్యునికంటె హక్కుగలవాడెవడు?

1962లో బేస్‌బాల్ ఘనుల మందిరమున ఆయన పేరు చేర్చిరి. నల్లవారిలో ఆ గౌరవము పొందినవాడు ఈయనే మొదటివాడు. ఆ దినమున తల్లిని, భార్యను, వృద్ధుడైన రికీని దగ్గరకు పిలిచి, ఈ ముగ్గురు లేనిదే నేను ఇంతవాడనగుదునా యనెను. ఆ యేడే సెప్టెంబరులో జార్జియా రాష్ట్రమున, ఓటుహక్కు కూటములు జరుగుచున్న నల్లవారి మందిరములను దుర్మార్గులు కాల్చివేసిరి. మార్టిన్ లూథర్ కింగ్ కోరగా, వాటిని తిరిగి కట్టించు చందాలకు రాబిన్సన్ పెద్దగా నిలిచెను. తల్లి పిల్లలతో విడిచిపోయిన రాష్ట్రమునకే మందిరములు కట్టింప తిరిగిపోయెను. 1964లో న్యూయార్కులోని హార్లెం పేటలో, అప్పు పుట్టని పేదలకొరకు ఒక బ్యాంకు స్థాపించుటలో ముఖ్యుడాయెను. అది 1990 వరకు నడిచెను.

ఇంటి దుఃఖమును దాచనక్కరలేదు. పెద్ద కుమారుడు వియత్నాం యుద్ధమున గాయపడి, మత్తుమందులకు లోబడి, 1968లో పట్టుబడెను. ఇతరుల పిల్లలకు ఉపకరించినంతగా తన బిడ్డకు ఉపకరింపలేకపోతినని తండ్రి మిక్కిలి వేదనపడెను. కుమారుడు చికిత్స పొంది, బాగుపడి, తనవంటివారికి సహాయము చేయుచుండెను. ఇంతలో 1971 జూన్‌లో కారు ప్రమాదమున ఇరువది నాలుగేండ్లకే చనిపోయెను. బయట గెలిచినవారు ఇంటికొరకు మోకాళ్లూనవలసిన అవసరము ఎక్కువేగాని తక్కువ కాదు.

1972 అక్టోబరు 15న, ఆయన మొదటి ఆటకు ఇరువది యైదేండ్లు నిండినవని ఒక పెద్ద పోటీలో ఘనపరచిరి. తల నెరసి, చూపు దాదాపు పోయియుండెను. కృతజ్ఞత చెప్పి, ఆ వెంటనే, నల్లజాతి మేనేజరు ఒకడు ఇక్కడ నిలుచుట చూచిననాడు మరింత సంతోషింతుననెను. తొమ్మిది దినములకు, అక్టోబరు 24న, గుండెపోటుతో తన ఇంట మరణించెను. వయస్సు 53. ఆయన కోరినది 1975లో నెరవేరెను. రేచల్ 1973లో పేద విద్యార్థుల చదువుకొరకు ఆయన పేర ఒక నిధి స్థాపించెను. 1997లో, ఆయన ధరించిన 42వ నంబరును ఇక ఏ జట్టులోను ఎవరికిని ఇయ్యరాదని నిర్ణయించిరి. ఏప్రిల్ 15న మాత్రము ఆటగాండ్రందరును, తెల్లవారును నల్లవారును, ఆ నంబరునే ధరింతురు.

7. వాక్యపు వెలుగులో

కొండమీది ప్రసంగమున ప్రభువు చెంప త్రిప్పుమనెనే గాని, పారిపొమ్మనలేదు. చెంప త్రిప్పువాడు నిలిచిన చోటనే నిలుచును. ప్రధానయాజకుని ఇంట బంట్రౌతు తన్ను కొట్టినప్పుడు ప్రభువు తిరిగి కొట్టలేదు, ఊరకుండనులేదు. తప్పు పలికినయెడల చూపుము, లేనియెడల ఏల కొట్టితివని శాంతముగా అడిగెను. ఫిలిప్పీలో పౌలు దెబ్బలు తిని, ఆ రాత్రి చెరసాలలో దేవుని స్తుతించెను. తెల్లవారిన తరువాత, రహస్యముగా వెళ్లిపొమ్మనగా, విచారింపకయే మమ్మును బహిరంగముగా కొట్టించిన అధికారులే వచ్చి వెలుపలికి తీసికొనిపోవలెనని పట్టుబట్టెను. అతడు వెళ్లిపోయిన తరువాత ఆ ఊరనున్న చిన్న సంఘమునకు అది కావలి ఆయెను.

ప్రసంగి గ్రంథకర్త మౌనమునకు ఒక కాలమును, మాటకు ఒక కాలమును ఏర్పరచెను. ఏది ఏ కాలమో ఎట్లు తెలియును? మూడు సంగతులు అడిగి చూచుకొనవలెను. ఈ మౌనము భయమువలననా, ప్రేమవలననా? దీనివలన నా వెనుకవానికి తలుపు తెరచుకొనునా, మూసికొనునా? నేను మాటలాడినయెడల ఆ మాట పగతో వచ్చునా, సత్యముతో వచ్చునా? ఓర్పునకు గడువుండవచ్చును. ప్రేమకు గడువు లేదు. మౌనమందును మాటయందును పగ తీర్చుకొనకుండుటయే విశ్వాసి గురుతు.

యౌవనులను ఓర్చుకొనుమని చెప్పు మేమును, మీరును, వారి ప్రక్కన కూర్చుండి ఆ భారమును మోయవలెను. జాకీకి తల్లి యుండెను, భార్య యుండెను, పెద్దలు సణిగినను మందిరపు వాకిలి తెరచిన కాపరి యుండెను. మన ఊరి పిల్లవానికి ఎవరున్నారు?

కూటములో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. పిరికితనమునకును ఓర్పునకును భేదమేమి? రాబిన్సన్ జీవితమునుండి ఒక్కొక్క నిదర్శనము చెప్పుడి.
2. యోహాను 18:23లో ప్రభువు వేసిన ప్రశ్న మత్తయి 5:39నకు విరుద్ధమా? ఎట్లు కాదు?
3. పౌలు ఫిలిప్పీలో పట్టుబట్టుట తనకొరకా, ఇతరులకొరకా?
4. మన సంఘపు ఆవరణమున ఆదివారము గాక మిగిలిన దినములలో కుర్రవాండ్రకు చోటున్నదా?
5. అవమానపడి ఇంటికి వచ్చిన యౌవనునితో ఈ నెలలో ఎవరు పోయి మాటలాడుదురు? పేరు పేరున నిర్ణయించుకొనుడి.

ప్రార్థనాంశము: అవమానము భరించుచున్నవారికి బలము, నోరు తెరువవలసినవారికి శాంతమైన ధైర్యము, గోడలు కట్టినవారికి మారుమనస్సు ప్రభువు దయచేయునట్లు ప్రార్థింతము. ఆమెన్.